పోస్టులు పిల్లల వెంటే వెళ్తాయి

(శ్రీకాకుళంలో, టీచరు శిక్షణ కోర్సులైన డీఈఎల్‌ఈడీ, బీఈడీ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఆ మూల ఫ్యాను ఒకటి కాస్త తగ్గించండి బాబూ, నా గొంతు కంటే దాని గొంతే పెద్దగా ఉంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

నన్ను పిలిచిన పిల్లలు "డీఎస్సీ గురించి నాలుగు ముక్కలు చెప్పండి సార్" అన్నారు. నాలుగు ముక్కలని అన్నారు గానీ మీ అందరికీ కావలసిన ముక్క ఒక్కటే. సర్కారు టీచర్లను తీసుకునే తర్వాతి డీఎస్సీ పరీక్ష ఎప్పుడు? అంతే కదా! ఏటా ఇస్తామని ప్రభుత్వం చెబుతోంది. ఇస్తే సంతోషం. ఆ తేదీ నా జేబులో లేదు. కాబట్టి నేను వేరే సంగతి మాట్లాడతాను. అసలు టీచరు పోస్టు ఎలా పుడుతుంది? పుట్టిన పోస్టు ఎలా మాయమైపోతుంది? ఇది తెలియకుండానే మనవాళ్లు ఐదేళ్లు, ఆరేళ్లు కోచింగ్ సెంటర్లలో గడిపేస్తున్నారు. కోచింగ్ కోసం అవనిగడ్డ వెళ్లొచ్చిన వాళ్లు ఇక్కడ ఎంతమంది? చెయ్యెత్తండి. చూశారా, సగం హాలు. ఇచ్ఛాపురం నుంచి అవనిగడ్డ ఎంత దూరమో నాకంటే మీకే బాగా తెలుసు.

ముందు మొన్నటి డీఎస్సీ చూద్దాం. 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు. దానికి ముందు వచ్చినది 2018లో, 7,902 పోస్టులతో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒకటి ఇచ్చారు, అది రద్దయింది. అంటే లెక్కకు ఏడేళ్లు ఖాళీ. ఏడేళ్లంటే ఏమిటో ఆలోచించండి. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఇరవై తొమ్మిదేళ్లది అయిపోతుంది. పెళ్లయి, ఒకరిద్దరు పిల్లలు పుట్టి, పుస్తకం ముట్టుకునే తీరిక కూడా పోతుంది. అందుకే మొన్న వయోపరిమితి 44కి పెంచితే మా ఊళ్లో కొందరు తల్లులు, వాళ్ల కూతుళ్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని చదివారు. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

ఆ 16,347 పోస్టులకు 3.36 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఒక్కొక్కరు రెండు, మూడు పోస్టులకు పెట్టడంతో దరఖాస్తులు 5.77 లక్షలు దాటాయి. చివరికి భర్తీ అయినవి 15,941. లెక్క వెయ్యండి. ఎన్ని మిగిలాయి? 406. మూడు లక్షల మంది పోటీ పడినా నాలుగు వందల పోస్టులు మిగిలిపోయాయి! అర్హత ఉన్న అభ్యర్థి ఆ కోటాలోనో, ఆ సబ్జెక్టులోనో దొరకలేదు. ఒకచోట తొక్కిసలాట, ఇంకోచోట ఖాళీ కుర్చీ. ఈ 406ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు జిల్లాల లెక్క. ఉమ్మడి జిల్లాల ప్రకారం శ్రీకాకుళానికి వచ్చినవి 458. విజయనగరానికి 446. కర్నూలుకు 2,645. మన రెండు జిల్లాలూ కలిపితే 904, కర్నూలుకు అందులో మూడు రెట్లకు కాస్త తక్కువ. "ఏటి సార్, మనకి అన్యాయం" అని మీరందరూ అంటారు. ఆ మాట నేనూ విన్నాను, టీ కొట్టు దగ్గర చాలాసార్లు విన్నాను. అన్యాయమా? కొంచెం నిదానిద్దాం.

పోస్టుకు మూలం ఏమిటి? జీవోనా? మంత్రి గారా? కాదమ్మా. పోస్టుకు మూలం పిల్లాడు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఒక పట్టిక ఉంది. ప్రాథమిక బడిలో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు, తొంభై వరకు ముగ్గురు, నూట ఇరవై వరకు నలుగురు. మోటుగా ముప్పై మందికి ఒకరు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ముప్పై ఐదు మందికి ఒకరు. ప్రభుత్వాలు దీని మీద తమ జీవోలు రాసుకుంటాయి, అటూ ఇటూ జరుపుకుంటాయి, కానీ కొలత మాత్రం పిల్లల తలకాయలే. బడిలో పేరున్న పిల్లలు తగ్గితే పోస్టు తగ్గుతుంది. పిల్లలు పక్క బడికి పోతే పోస్టు కూడా మూట కట్టుకుని పక్క బడికి పోతుంది. రేషనలైజేషన్ అంటే ఇంకేమీ కాదు, ఇదే.

మరి మన పిల్లలు ఎక్కడున్నారు? ఇదీ అసలు ప్రశ్న. మన శ్రీకాకుళం పిల్లలు, విజయనగరం పిల్లలు ఎక్కడున్నారు?

మొదటిది, కొంతమంది పుట్టనేలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఇప్పుడు ఒకటో తరగతిలో చేరే పిల్లలు ఆ సర్వే రోజుల్లో పుట్టినవాళ్లే. అంటే మీరు రేపు ఏ పిల్లలకు అ ఆలు దిద్దించాలో వాళ్ల సంఖ్య ఈపాటికే తేలిపోయింది. దాన్ని ఏ నోటిఫికేషనూ మార్చలేదు.

రెండోది, వలస. దీని గురించి మీకు నేను చెప్పాలా? మన తీరం ఊళ్ల నుంచి వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ పోతారు. ఉద్దానం నుంచి, పాలకొండ వైపు నుంచి హైదరాబాద్, చెన్నై, విశాఖ కట్టుబడి పనులకు పోతారు. తండ్రి ఒక్కడే పోతే పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఉండి ఇక్కడే చదువుతాడు. తల్లి కూడా పోతే? ఆ పిల్లాడు హైదరాబాద్ లెక్కలోకి పోయాడు. ఒక్కోసారి ఏ లెక్కలోకీ పోడు. హాజరు పట్టీలో మా మాస్టారు పేరు పిలుస్తూనే ఉంటాడు, "ఆ గుంటడు ఊర్లో లేడు సార్" అని మిగతా పిల్లలు చెబుతూనే ఉంటారు.

మూడోది, ప్రైవేటు బడి. పసుపు రంగు బస్సు ఊరి చివర దాకా వస్తోంది. టెక్కలి నుంచి, రాజాం నుంచి, చీపురుపల్లి నుంచి ముప్పై ఊళ్లు తిరిగి పిల్లల్ని ఏరుకుని పోతోంది. ఇందులో నేను ఎవరినీ తిట్టను. తండ్రికి ఇంగ్లిష్ కావాలి, తరగతికి ఒక టీచరు కావాలి. సర్కారు బడిలో ఐదు తరగతులకు ఒకే మాస్టారు కనిపిస్తే ఎవరు పంపుతారు చెప్పండి?

ఇక్కడ ఒక విషచక్రం ఉంది. పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు. టీచరు ఒక్కరే అయ్యారని మిగతా పిల్లలు వెళ్లిపోతారు. కేంద్రం బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ బడులు 1,04,125. అందులో మొదటి స్థానం ఎవరిది? బిహారా? ఉత్తరప్రదేశా? మనదే. ఆంధ్రప్రదేశ్‌లో 12,912 బడుల్లో ఒక్క టీచరే ఉన్నారు. అదే లెక్కల్లో దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. కోటి మంది టీచర్లు ఉన్నారు, లక్ష బడుల్లో ఒక్కొక్కరే ఉన్నారు. రెండూ ఒకే ఏడాది లెక్కలు.

కొందరు పెద్దమనుషులు అంటారు, "పదిహేను మంది పిల్లలకు ఒక టీచరు ఎక్కువే కదండీ" అని. తలకాయల లెక్కకు ఎక్కువే. కానీ ఆ పదిహేను మంది ఐదు తరగతుల్లో ఉన్నారు. ఒకటో తరగతి వాడికి పలక మీద దిద్దించేలోపు ఐదో తరగతి వాడికి భిన్నాలు ఎవరు చెబుతారు? ఆ టీచరుకు మీటింగ్ పడితే, ఆవిడకు జ్వరం వస్తే బడికి తాళమే. నా అభిప్రాయం అడిగితే, చిన్న బడిలో టీచరును పిల్లల్ని బట్టి కాకుండా తరగతుల్ని బట్టి కొలవాలి. అలా కొలిస్తే మన రెండు జిల్లాలకు 904 కాదు, ఇంకా చాలా పోస్టులు పడేవి. పోరాడాలనుకునేవాళ్లు దీని మీద పోరాడండి. కర్నూలుతో పోల్చుకుంటే మనకేమీ రాదు.

2022లో 117 జీవో వచ్చింది, 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తీసుకుపోయారు. 2025లో దాన్ని పక్కన పెట్టి తొమ్మిది రకాల బడులంటూ కొత్త ఏర్పాటు తెచ్చారు. ఆ గొడవంతా ఇప్పుడు చెప్పను, చెబితే మీకు భోజనం వేళ అయిపోతుంది. మీకు పనికొచ్చే ముక్క ఒకటే. అందులో మోడల్ ప్రైమరీ స్కూల్ అని ఒక రకం ఉంది, దానిలో తరగతికి ఒక టీచరు. ఎస్జీటీ పోస్టులు, అంటే ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే టీచర్ల పోస్టులు, నిలబడితే అక్కడే నిలబడతాయి. మీ మండలంలో ఏవి మోడల్ ప్రైమరీలో, వాటిలో ఎంతమంది పిల్లలున్నారో మీలో ఎవరికైనా తెలుసా? తెలీదు. కటాఫ్ మార్కులు మాత్రం 2012 నుంచి ఒప్పజెబుతారు.

సరే, ఇప్పటిదాకా పోస్టులు తగ్గే సంగతి చెప్పాను. భయపడిపోకండి. పెరిగే సంగతి కూడా ఉంది.

2022 జనవరిలో పదవీ విరమణ వయసు 60 నుంచి 62కి పెంచారు. అంటే 2022, 2023 రెండేళ్లూ వయసు నిండి దిగిపోయినవాళ్లు లేనట్టే. అప్పుడు మీ అన్నలు, అక్కలు ఎంత తిట్టుకున్నారో నాకు తెలుసు. 2024 నుంచి తలుపు మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు దిగుతున్నది ఎవరు? 398 రూపాయల జీతానికి స్పెషల్ టీచర్లుగా చేరిన తరం ఒకటుంది, ఎనభైల నాటిది. వాళ్లలో చాలామంది దిగిపోయారు, మిగిలినవాళ్లు దిగుతున్నారు. వాళ్ల వెనక 1994, 1996, 1998 డీఎస్సీల వాళ్లున్నారు. 2000 నుంచి 2003 దాకా వరసగా డీఎస్సీలు పడ్డాయి, వాళ్లున్నారు. 1996లో పాతికేళ్ల వయసులో చేరినవాడు ఎప్పుడు దిగుతాడు? 2033లో. కాబట్టి రాబోయే పదేళ్లలో ఖాళీలు పడతాయి, గట్టిగానే పడతాయి. కానీ పడిన ప్రతి ఖాళీ పోస్టుగా తిరిగి రాదు. మధ్యలో ఆ పిల్లల లెక్క కూర్చుని ఉంటుంది. పది మంది దిగితే పది మందిని తీసుకుంటారని అనుకోకండి.

ఇప్పుడు మీ చదువుల దగ్గరికి వద్దాం. డీఈఎల్‌ఈడీ వాళ్లు ఎటువైపున్నారు? ఎడమవైపు. బీఈడీ కుడివైపు. ఎవరు కూర్చోబెట్టారో గానీ భలే కూర్చోబెట్టారు.

కుడివైపు వాళ్లతో ముందు. 2018లో టీచరు చదువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ, బీఈడీ వాళ్లను ఎస్జీటీకి అనుమతించింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. చిన్న తరగతులు చెప్పడానికి బీఈడీ పనికిరాదు, దానికి డీఈఎల్‌ఈడీ శిక్షణే కావాలని తేల్చింది. అయినా 2024 ఫిబ్రవరిలో మన దగ్గర మళ్లీ బీఈడీ వాళ్లకు ఎస్జీటీ అవకాశం ఇస్తే హైకోర్టు ఆపింది. ఆ తలుపు మూసుకుంది తల్లీ. దాని ముందు కూర్చోకండి. మీకు మిగిలినవి పై తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటు, టీజీటీ, పీజీటీ పోస్టులు. మొన్నటి 16,347లో, 2024 జూన్‌లో మొదట ప్రకటించిన లెక్క ప్రకారం, స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371, టీజీటీలు 1,781, పీజీటీలు 286. చూశారా, ఎస్జీటీని స్కూల్ అసిస్టెంటు దాటేసింది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో డీఎస్సీ అంటే ఎస్జీటీలే. ఇప్పుడు బరువు పై తరగతుల వైపు జరిగింది. ఆ టీజీటీ, పీజీటీలు గురుకులాలు, మోడల్ స్కూళ్లలోవి. పిల్లలు ఊరి బడి వదిలి హాస్టల్ ఉన్న బడికి పోతున్నారు, పోస్టూ వాళ్ల వెంట పోతోంది. మళ్లీ అదే మాట, పోస్టు పిల్లల వెంటే.

కేంద్ర ప్రభుత్వ బడులు మనవాళ్లు ఎందుకో చూడరు. వెన్నెలవలసలో నవోదయ ఉంది, కిల్తంపాలెంలో నవోదయ ఉంది, పిల్లల్ని చేర్చడానికి క్యూ కడతాం. అందులో టీచరుగా చేరాలని ఎంతమంది అనుకున్నారు? గిరిజన పిల్లల కోసం నడిపే ఏకలవ్య పాఠశాలలకు 2025లో 7,267 పోస్టులు పిలిచారు, టీచర్లూ ఇతర సిబ్బందీ కలిపి. దేశమంతా పోటీ, నిజమే. హిందీ, ఇంగ్లిష్ రావాలి, నిజమే. పోస్టింగ్ ఎక్కడో పడుతుంది, అదీ నిజమే. "మా అమ్మాయిని అంత దూరం పంపం" అంటారు తండ్రులు. వేరావల్ పంపగలిగిన జిల్లా మనది, ఉద్యోగానికి పంపలేమా?

ఇక ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఇది. స్పెషల్ ఎడ్యుకేషన్. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచరు. 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాథమిక స్థాయిలో అలాంటి పిల్లలు పది మందికి ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని. మన రాష్ట్రం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది, ఎస్జీటీ 1,136, స్కూల్ అసిస్టెంటు 1,124. ఇక్కడున్న మీలో స్పెషల్ బీఈడీ చేస్తున్నవాళ్లు ఎవరు? ఒక్క చెయ్యి. ఆ ఒక్క చెయ్యి ఎవరిదమ్మా? నీ పేరు చెప్పనక్కర్లేదు, కూర్చో. ఆ అమ్మాయికి పోటీ ఎంత, మీకు పోటీ ఎంత? ఇందాక 406 అన్నాను కదా, ఎక్కడ మనుషులు దొరకరో అక్కడే పోస్టులు మిగులుతాయి. అయితే ఒక జాగ్రత్త. పోటీ తక్కువని మాత్రమే ఇటు రాకండి. ఈ కోర్సులను గుర్తించే కేంద్ర సంస్థ ఆర్‌సీఐ, దాని గుర్తింపు లేని కాలేజీలో ఫీజు కట్టేసి తర్వాత ఏడవకండి. ఇంకో సంగతి, వినికిడి లేని పిల్లాడితో రోజంతా గడపాలి, ఆటిజం ఉన్న పాపతో గడపాలి. ఓపిక లేకపోతే ఆ పిల్లలకు అన్యాయం చేసినవాళ్లవుతారు. ముందు ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి ఒకదానికి వెళ్లి నాలుగు రోజులు కూర్చుని చూడండి. మండలాల్లో ఉన్నాయి.

ఏజెన్సీ పిల్లలు కొందరు వచ్చారు, సీతంపేట నుంచి, గుమ్మలక్ష్మీపురం నుంచి. మీ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. 2000 జనవరి 10న వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ కుదరదంది. చట్టం సంగతి కోర్టు చూసుకుంటుంది, బడి సంగతి నేను చెబుతాను. ఒకటో తరగతిలో సవర పిల్లాడు కూర్చున్నాడు. వాడికి తెలుగు రాదు. టీచరుకు సవర రాదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలో బడి నడిపారు. వందేళ్లు దాటింది. ఆ పని ఆయనకున్నంత పట్టుదలతో ఇప్పుడు చేయగలిగింది మీరే, ఆ భాష మీ ఇంట్లోనే ఉంది కాబట్టి. గిరిజన సంఘాలు ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ అడుగుతున్నాయి. నా ఓటు దానికే.

ప్రైవేటు బడుల గురించి రెండు మాటలే. ఉద్యోగాలకు అక్కడ కొదవ లేదు, జూన్ వస్తే గోడల నిండా ప్రకటనలే. జీతం ఎనిమిది వేలు, పది వేలు. వేసవిలో ఇవ్వరు. అడ్మిషన్ల కోసం ఎండలో ఇంటింటికీ తిప్పుతారు. సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకుంటారు. ఇవ్వకండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. సర్కారు ఎస్జీటీకి మూల వేతనం 32,670, స్కూల్ అసిస్టెంటుకు 44,570 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, ఇంటి అద్దె భత్యం. ఈ తేడా ఉన్నంతకాలం ప్రైవేటు టీచరు మనసు పాఠం మీద ఉండదు, డీఎస్సీ మీద ఉంటుంది. ఆ యాజమాన్యాలకు ఇది తెలియక కాదు. 2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలని యునెస్కో చెప్పింది. కావాలంటే, ముందు ఉన్నవాళ్లను బతకనివ్వాలి కదా!

ఆఖరున టెట్, అంటే టీచరు అర్హత పరీక్ష. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. మీ పక్క సీట్లో మీకు ఏబీసీడీలు నేర్పిన మాస్టారు కూర్చుని పరీక్ష రాస్తుంటే కంగారు పడకండి, ఆయన మీకు పోటీ కాదు.

ఇప్పుడు ప్రశ్నలు. ఆఁ, చెప్పమ్మా. గట్టిగా. "ప్రైవేటు బడిలో చేస్తున్నాను, మానేసి కోచింగ్‌కు వెళ్లాలా, టెట్‌లో 90 వచ్చాయి" అంటోంది. మంచి ప్రశ్న. మానకు. ముందు టెట్ మళ్లీ రాయి. ఎందుకో అందరూ లెక్క వెయ్యండి. డీఎస్సీ పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20. టెట్‌లో 150కి 90 వస్తే నీ చేతిలో 12. అదే 120 తెచ్చుకుంటే 16. తేడా నాలుగు మార్కులు. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కు, అంటే నాలుగు మార్కులకు ఎనిమిది ప్రశ్నలు. నీ పక్కన కూర్చున్నమ్మాయి నీకంటే ఎనిమిది ప్రశ్నలు ముందుండి పరీక్ష మొదలుపెడుతుంది. శ్రీకాకుళం జిల్లా కటాఫ్‌లో ఎనిమిది ప్రశ్నలంటే ఎంతమంది ఉంటారో నీకే తెలుసు. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, ఎక్కువ వచ్చిన మార్కులే తీసుకుంటారు, కాబట్టి మళ్లీ రాస్తే పోయేదేమీ లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చాక రెండు గంటలు చదువు. నోటిఫికేషన్ చేతికి వచ్చాక సెలవు పెట్టు, జీతం పోతే పోయింది. తర్వాత ఎవరు? ఆ నీలం చొక్కా బాబు.